అత్త పాట మీద మగ్గం మోత

మా చిన్నప్పుడు... గుడియాత్తంలో మా నేతగాళ్ళ వీధిలో ఏ క్యాసెట్టుకూ అసలు పేరు ఉండేది కాదు. తెలుగు పాటలంటే అందరికీ పిచ్చే గానీ, అట్ట మీది తెలుగు అక్షరాలు ఇంట్లో ఒక్కరికీ చదవడం రాదు. బొమ్మను బట్టే గుర్తు. పసుపు చీర క్యాసెట్టు, గుర్రం క్యాసెట్టు, మీసాలాయన క్యాసెట్టు... పెండ్లై చిత్తూరు వచ్చి అక్షరాలు నేర్చుకున్నాక గానీ వాటి పేర్లు నాకు తెలియలేదు.

అన్నిట్లోకీ నాకు పసుపు చీర క్యాసెట్టంటే ప్రాణం. అందులో రెండో వైపు మూడో పాట. అది క్యాసెట్టులో కంటే మా సరోజత్త గొంతులోనే బాగుండేది... మా అత్త కదా అని అనడం లేదు, నిజంగానే అంటున్నాను. నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. మగ్గం పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ పాడేది. విని విని, మాటలన్నీ తమిళ అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకునేది.

గంగమ్మ జాతరకు ఏటా వేలూరు నుంచి పాటకచ్చేరి వాళ్ళు వచ్చేవాళ్ళు. కావలసిన పాట చీటీ మీద రాసి మేడ మీదికి, అంటే స్టేజీ మీదికి, పంపాలి. మా వీధి చీటీ ఎప్పుడూ ఒక్కటే... ఒక తెలుగు పాట పాడండి అని. ఆ ఏడాది వచ్చిన గాయని చీటీ చూసి, తెలుగు తన వల్ల కాదని చేతులెత్తేసింది. మైకు పట్టుకున్నాయన, తెలుగు పాట వచ్చిన వాళ్ళెవరైనా ఉంటే మేడెక్కండి అని తమిళంలో పిలిచాడు.

"మా సరోజ పాడతాది! ఎక్కు తల్లీ, ఎక్కు!" అని వీధి వీధంతా అరుపులు.

అత్త నాయన వైపు చూసింది. నాయన ఔననలేదు, కాదనలేదు. అత్త ఎక్కింది. నేను మా టేప్‌రికార్డరు ఎత్తుకుని పరిగెత్తి, సౌండు పెట్టె ముందు చతికిలబడి, ఖాళీ క్యాసెట్టు వేసి, రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కాను.

అబ్బ... ఏం పాడిందండీ! పల్లవి అయ్యేసరికి జనం మాటలు ఆపేశారు. పాట అయిపోయాక చప్పట్లు, ఈలలు. కీబోర్డు వాయించే ఆయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత నేను ఎన్ని కచ్చేరీలకు పోలేదు! వేలూరులో, చెన్నైలో, టికెట్టు కొని, కాళ్ళు పీకేదాకా నిలబడి చూశాను. ఒక్కటి కూడా ఆ పాట కాలిగోటికి సరిపోదు.

క్యాసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, గుర్తుందా... ఒక్కో వైపుకు ఒకటి. అది విరిచేస్తే ఆ వైపు మళ్ళీ రికార్డు కాదు. అంగడిలో పాటలు ఎక్కించి తెచ్చిన ప్రతి క్యాసెట్టుకూ ఇంటికి రాగానే విరిచేసేదాన్ని. అత్త క్యాసెట్టుకు మాత్రం విరవలేదు. రెండో వైపు వచ్చే ఏడాది జాతరకు కావాలి కదా... తొందరలో తప్పు ముక్క విరుస్తానేమోనని రెండూ అట్లాగే వదిలేశాను. నా తెలివి మండిపోను!

రెండు రోజుల తర్వాత నాయన నూలు తేవడానికి, మాకు నేత పని ఇచ్చే మేస్త్రీ ఇంటికి వెళ్ళాడు. నలుగురి ముందర మేస్త్రీ అన్నాడట, "ఏమప్పా, నీ చెల్లెలు మేడెక్కి పాడిందంట గదా! రేపు యాడ కచ్చేరి?" అని. అందరూ పకపకా నవ్వారట.

ఆ నవ్విన మగవాళ్ళను మా నాయన ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, అత్త క్యాసెట్టు టేప్‌రికార్డరులో పెట్టి, దాన్ని మగ్గం పక్కన నేల మీద ఉంచి, ఎర్ర బటన్ నొక్కి నేయడానికి కూర్చున్నాడు. టక టక... టక టక... ఆ వైపు అయిపోయేదాకా నేశాడు.

బయట ఆడుకుని వచ్చి పాట విందామని పెట్టాను. మగ్గం మోత తప్ప ఏమీ లేదు. "నాయనా, అత్త పాట యాడ?" అని ఏడ్చాను.

"ఊరంతా విన్నారు గదమ్మా. ఇంక చాలు," అన్నాడు, మగ్గం ఆపకుండానే.

అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, "ఊరుకో పాపా, మీ నాయన మనసు బాగలేదు," అంది. మనసు బాగలేదట! మరి అత్త మనసు? ఆ రోజు అత్త తల ఎత్తకుండా కండెలు చుడుతూనే ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె పాట వినిపించలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే... మొన్న మా తమ్ముడు ఆ క్యాసెట్టు దొరికిందని, వేలూరులో ఎవరిచేతో ఫోనులోకి ఎక్కించి కుటుంబం గ్రూపులో పెట్టాడు. "నాయన మగ్గం శబ్దం. మన బంగారం," అని రాశాడు. అందరూ ఏడుపు బొమ్మలే, దణ్ణాలే. నాయన పోయాడు, నాకూ బాధే. కానీ ఆ మోత కింద ఏముండేదో ఒక్కరికైనా గుర్తు రాలేదే! నాకు ఒళ్ళు మండిపోయింది.

వెంటనే అత్తకు ఫోన్ చేశాను. ఇప్పుడు చెప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. "అత్తా, ఒక్క చరణం పాడు, రికార్డు చేసుకుంటా," అన్నాను.

"మాటలు మరిచిపోయినా పాపా," అంది. "నోటుబుక్కు ఉండాది గదా?" అన్నాను.

"యాడ పాపా... ఆ పొద్దే పొయ్యిలో పెట్టేస్తిని. మళ్ళా పాడాలనిపిస్తాదేమోనని."

ఇన్నేళ్ళుగా నాకు ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ రికార్డరే... నొక్కితే చాలు. మా అత్త గొంతు మాత్రం ఎక్కడా లేదు. మీ ఇళ్ళల్లో కూడా పాట మానేసిన ఆడవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి. మాన్పించింది ఎవరో కూడా రాయండి... నేను మా నాయన గురించి రాశాను కదా.