నేను వేసిన డిటెక్టివ్ వేషం

మొన్న మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం లాప్‌టాప్‌లో ఒక పాత నలుపు తెలుపు సినిమా చూస్తుంటే వెనకనుంచి తొంగి చూశాను. అదే చైనా డిటెక్టివు, అదే సన్న మీసం, వంగి పెట్టే అదే దండం. తెల్లనటులు కట్టిన ఆ వేషాన్ని జనం ఒకప్పుడు ఎంత నెత్తిన పెట్టుకున్నారో, ఆసియావాళ్లు ఎందుకు మండిపడ్డారో రాయాలట. "డాడీ, ఇతను నీకు తెలుసా?" అంది. తెలీదని అబద్ధం చెప్పి కిచెన్‌లోకి వెళ్లిపోయాను.

తెలియకేం. రెండువేల రెండులో అమెరికాలోని ఇర్వింగ్‌కి వచ్చిన కొత్తలో నాకు కారు లేదు, పలకరించే దిక్కు లేదు, శుక్రవారం సాయంత్రం అపార్ట్‌మెంట్ తలుపు వేసుకుంటే సోమవారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క మనిషి మా ఆఫీసులోని తైవాన్ పెద్దాయన. అడక్కుండానే రోజూ తన కార్లో ఎక్కించుకునేవారు, లంచ్‌లో నాకోసం కూరగాయల వేపుడు విడిగా తెచ్చేవారు.

అందరూ వేషాలు కట్టే హాలోవీన్ పండగకి ఆఫీసులో నాటిక వేద్దామని మా మేనేజరు ఆ డిటెక్టివ్ వేషం నన్ను వెయ్యమన్నాడు. చిన్నప్పుడు టీవీలో ఆ సినిమాలు చూస్తూ పెరిగాడట, దాచుకున్న క్యాసెట్లు కూడా తెచ్చిచ్చాడు. అద్దెకి తెచ్చిన డిటెక్టివ్ నవలల్ని క్లాసు పుస్తకంలో పెట్టుకుని చదివిన తరం కదండీ మనది, డిటెక్టివ్ అంటే హీరో అనే నాకు తెలుసు. పైగా ఈ దేశంలో నన్నొకరు దేనికైనా పిలవడం అదే మొదలు, ఉబ్బితబ్బిబ్బయ్యాను. మీసం దిద్దుకుని, ఆ ముక్కలు ముక్కల ఇంగ్లీషులో సుద్దులు చెబుతుంటే (నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే గనక పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది) అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పెద్దాయన మాత్రం కాఫీ కప్పు బల్లమీద పెట్టి లేచి వెళ్లిపోయారు.

ఆయన అమెరికా వచ్చిన కొత్తలో ఆ డిటెక్టివ్ పేరు పెట్టి పిలిచి అందరూ ఏడిపించేవారని ఆ సాయంత్రం ఇంకొకాయన చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఇక రారనుకున్నాను గానీ ఏడున్నరకల్లా కారు వచ్చి ఆగింది. రేడియో మోగుతూనే ఉంది, ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను కారు కొనుక్కునేదాకా, మూడు నెలలపాటు, ఒక్కరోజు మానకుండా ఎక్కించుకున్నారు, దింపారు. లంచ్ మాత్రం తన డెస్క్ దగ్గరే తినేవారు. ఆ వేసవి రాకముందే వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు.

మా అమ్మాయి తరానికి ఏ వేషం ఎవరిని నొప్పిస్తుందో చిన్నప్పుడే తెలుస్తోంది, తప్పు చేస్తే ఎదుటపడి సారీ చెప్పడమూ తెలుసు. పెద్దవాళ్లు మాట్లాడకపోతే మనమూ నోరెత్తకూడదని పెరిగాం మనం. నాకైతే అప్పుడు ఆ మర్యాద వాటంగా కూడా ఉండేది. మూడు నెలలు, పొద్దునా సాయంత్రమూ, అరగంట చొప్పున ఆయన పక్క సీట్లోనే కూర్చున్నాను. ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను.