తలనొప్పి అని చెప్పాను

నా చిన్నప్పుడు, మా ఇంట్లో ఇంగ్లీషు గడగడా మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే అన్న పొగరు నాకు ఉండేది. నాన్నకు రాదని కాదు. కంప్యూటర్ల ఉద్యోగం మీద సింగపూరు వచ్చిన మనిషికి ఇంగ్లీషు రాకపోవడమేమిటి? కానీ ఆ మనిషి ఇంట్లో ఉంటే కదా. రెండు వేల సంవత్సరం పుట్టగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి ఆగిపోతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. అవి ఆగకుండా చూడాల్సిన వేలమందిలో మా నాన్న ఒకడు. నేను లేవకముందే వెళ్లి, నేను పడుకున్నాక వచ్చేవాడు. అందుకని కరెంటు బిల్లు చదివి చెప్పేది నేను, తలుపు కొట్టినవాళ్లతో మాట్లాడేది నేను, మార్కెట్లో కూరగాయలమ్మే చైనా ఆవిడతో బేరమాడేది నేను. ఇంటరు దాకా తెలుగులోనే చదువుకున్న అమ్మ నా వెనక నిలబడి, "ఏమంటోందే?" అని అడిగేది. నేను నాలుగు మాటలకు రెండు మాటలు చెప్పి, పెద్ద ఆఫీసరులాగా ముందుకు నడిచేదాన్ని.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఆంటీ అంటున్నారు. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది. ఆ వయసు వచ్చింది కాబట్టే ఇది చెప్పగలుగుతున్నానేమో.

యీషున్ అనే పేటలో, ఒక పాత బ్లాకులో ఆరో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. ఆ రోజుల్లో అలాంటి బ్లాకుల్లో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కాదు. మేము ఐదులో దిగి, ఒక వరస మెట్లెక్కి ఇంటికి వెళ్లాలి. ఆ మెట్ల పక్కనే ఒక ముసలావిడ ఇల్లు. ఆవిడ తాతల కాలంలో విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడేది గానీ అందులో సగం అరవం, పావు వంతు మలాయి. మేమందరం ఆవిడను మామ్మ అనేవాళ్లం. సాయంత్రం పూట తలుపు ముందు మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతూ కూర్చునేది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకుని మెట్లెక్కేదాన్ని.

ఆ ఏడాది వానల్లో మా అమ్మమ్మ తెనాలిలో పోయింది. ఫోను వచ్చినప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అమ్మ ఫోను పెట్టేసి ముందు పొయ్యి ఆర్పింది. తర్వాత నా స్కూలు బట్టలు మడతపెట్టింది. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయింది. వెంటనే బయల్దేరడానికి వీల్లేకపోయింది. మా పాస్‌పోర్టులు, వీసా పొడిగింపు కోసం నాన్న ఆఫీసువాళ్ల దగ్గర ఉన్నాయి. అవి చేతికి వచ్చేసరికి అక్కడ దహనమూ అయిపోయింది, కార్యక్రమాలూ సగం అయిపోయాయి. ఇప్పుడు హడావిడిగా వెళ్లి ఏం చేస్తావు, డిసెంబరు సెలవుల్లో అందరం వెళదాం అన్నాడు నాన్న. అమ్మ సరేనంది.

పెళ్లయిన ఆడపిల్లకు కన్నతల్లి పోయినా మూడు రోజులే మైల. ఇది మా నాన్న పెట్టిన నియమం కాదు, మావాళ్లందరిలో ఉన్నదే. ఆ మూడు రోజులూ అమ్మ దేవుడి గూటి దగ్గరికి వెళ్లలేదు. నాలుగో రోజు తలస్నానం చేసి, దీపం పెట్టింది. నాన్న ఊరికి ఫోను చేసి ఇక్కడ మైల తీరిందని చెప్పాడు. సింగపూరులోనే బిషాన్ నుంచి, హౌగాంగ్ నుంచి తెలిసినవాళ్లు పళ్లు తీసుకుని ఒక ఆదివారం వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లారు. మైల తీరింది కాబట్టి దుఃఖమూ తీరిందనే మేమందరం అనుకున్నాం. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత ఏం జరిగిందో ఒక్కరోజులో తెలియలేదు. ముందు అమ్మ ఫోను ఎత్తడం మానేసింది. తర్వాత ఆదివారాలు ఎవరింటికీ రానంది. నేను మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి, పొద్దున నేను వెళ్లేటప్పుడు చాప మీద ఎటు తిరిగి పడుకుందో అటే పడుకుని ఉండేది. కళ్లు తెరిచే ఉండేవి. అన్నం వండిన రోజు వండేది, లేకపోతే లేదు. నాన్న కోసం మాత్రం రాత్రికి ఏదో ఒకటి చేసిపెట్టేది. అందుకే ఆయనకు చాలాకాలం ఏమీ తెలియలేదు. నేను చప్పుడు కాకుండా తాళం తీయడం నేర్చుకున్నాను. టీవీ గొంతు పూర్తిగా తగ్గించి బొమ్మలు మాత్రం చూసేదాన్ని. ఇద్దరం ఉన్న ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుండేది. నాకు అమ్మ మీద కోపం వచ్చేది, అమ్మను చూస్తే భయమూ వేసేది. ఆ రెండిట్లో ఏదీ ఎవరితోనూ చెప్పుకోలేదు. బడిలో అడిగితే మా అమ్మ బ్రహ్మాండంగా ఉంది అనేదాన్ని.

మూడు నెలలకు నాన్న కంటికి అమ్మ చిక్కిపోయినట్టు కనిపించింది. సాయంత్రం పక్క బ్లాకు కింద ఉన్న క్లినిక్కుకు తీసుకెళ్లమని నాకు చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయాడు. నేను తీసుకెళ్లాను. డాక్టరు చైనాయన, మంచివాడే. ఏమిటి బాధ అని నన్నే అడిగాడు. నేను అమ్మను అడిగాను. అమ్మ డాక్టరు వైపు చూడలేదు. నా వైపు చూసి, ఒక్కొక్క మాటే కూడగట్టుకుని చెప్పింది.

"నాకు బతకాలని లేదమ్మా. పొద్దున్నే కళ్లు తెరవాలంటే భయమేస్తోంది. అదే చెప్పు."

ఆ మాటలకు ఇంగ్లీషు నాకు తెలుసు. నాకున్న ఇంగ్లీషుకు అదొక లెక్కా? కానీ నోరు రాలేదు. జబ్బు చేసినవాళ్ల వీసా తీసేసి ఊరికి పంపించేస్తారని బడిలో ఒక పిల్ల ఎప్పుడో చెప్పింది, అది గుర్తొచ్చింది. అమ్మను ఎక్కడికో తీసుకుపోతారనిపించింది. అన్నిటికంటే ముందు, ఆ మాట నేను పైకి అంటే అది నిజమైపోతుందనిపించింది.

"హెడేక్, డాక్టర్," అన్నాను. "జస్ట్ హెడేక్ లా," అని బడిలో పిల్లల యాసలో తేల్చేశాను.

ఎన్ని రోజుల నుంచి అని అడిగాడు. నాలుగు రోజులన్నాను. ఆయన మాత్రలు ఇచ్చాడు. అమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి అమ్మ పడుకుని ఉంటే, ఊపిరి తీసుకుంటోందా లేదా అని పక్కన కూర్చుని చూసేదాన్ని. బడిలో ఉన్నా మనసంతా ఇంటి మీదే. నేను చెప్పకపోవడం వల్ల అమ్మకు ఏమైనా అవుతుందేమోనన్న భయం నన్ను తినేసింది.

కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటరులో రోజూ సాయంత్రం రెండు పొట్లాలు పరోటా కొని తెచ్చేదాన్ని. ఒకరోజు లిఫ్టు దిగి మెట్ల వైపు వెళుతుంటే మామ్మ పిలిచింది.

"ఏం పాపా, దినాం బయటి మకానే? మీ అమ్మకి ఒళ్లు బాలేదా?" మకాన్ అంటే మలాయిలో తిండి.

తలనొప్పి అన్నాను.

"మూడు నెల్లుగా తలనొప్పే?" అంది. ఇక నన్నేమీ అడగలేదు. కుర్చీ పక్కన నేల మీద కూర్చోమంది. కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడకుండా, నెత్తళ్లు తుంచుతూనే, తన సంగతి ఒకటి చెప్పుకొచ్చింది.

మామ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిందట. నాలుగు భాషలు వచ్చు కనుక రోగులకూ డాక్టర్లకూ మధ్య మాట సాయానికి ఆవిడనే పిలిచేవారట. చేరిన కొత్తలో ఓడల పనికి వచ్చిన తెలుగాయన ఒకడు వచ్చాడు. భార్య పోయిందని కబురు అందిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదనీ, ఒంటరిగా ఉంటే తనంటే తనకే భయమేస్తోందనీ చెప్పుకుని ఏడ్చాడు. ఇంతమందిలో మగవాడి పరువు తీయడమెందుకని, ఆకలి లేదట అని మాత్రం మామ్మ డాక్టరుతో చెప్పింది. ఆకలి పుట్టే మందిచ్చి పంపేశారు.

తర్వాత ఏమైందని అడిగాను.

"తర్వాత ఆయన రానే లేదు పాపా. బాగయ్యాడో ఏమయ్యాడో నాకు తెలీదు. ఇన్నేళ్లుగా తెలీకుండానే ఉన్నా."

నాకు ఏడుపు ఆగలేదు. పరోటా పొట్లాలు ఒళ్లో పెట్టుకుని, క్లినిక్కులో జరిగినదంతా చెప్పేశాను. అమ్మ ఏ మాటలు అందో ఆ మాటలే చెప్పాను. మామ్మ చేతులు చీరకొంగుకు తుడుచుకుని నా తల మీద చెయ్యి వేసింది. నెత్తళ్ల వాసన వచ్చింది గానీ ఈసారి ముక్కు మూసుకోలేదు.

"నీది తప్పు కాదు," అంది. "పెద్దోళ్ల నొప్పిని పిల్ల నోట చెప్పించడం తప్పు. అది నీ పని కాదు. నా పని. మీ అమ్మ ఇవాళ ఎట్టుందో నేను చూస్తా, పద."

నాతో పాటే మెట్లెక్కి వచ్చింది. అమ్మ పక్కన చాప మీద చతికిలబడి, మోకాళ్ల నొప్పుల గురించి అరగంట సణిగింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. చివరికి, పొద్దున్నే సర్కారు పాలీక్లినిక్కుకు వెళ్లాలి, బస్సెక్కాలంటే కాలు తడబడుతోంది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లమ్మాయ్ అని అడిగింది. తన కోసమైతే అమ్మ లేచేది కాదు. పెద్దావిడ నోరు తెరిచి సాయం అడిగితే కాదనడం మాత్రం అమ్మకు చేతకాదు. ఆ సంగతి మామ్మకు బాగా తెలుసు. వెళ్లేటప్పుడు ఇంటి నంబరు రాసిచ్చి, రాత్రి ఎప్పుడు అవసరమైనా ఫోను చెయ్యమని నాతో చెప్పింది. నాన్న వచ్చేదాకా తన ఇంటి దీపం ఆర్పలేదు. ఆయన లిఫ్టు దిగగానే అక్కడే నిలబెట్టి అంతా చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. మాకు మూడు రోజులే కదండీ మైల, అన్నాడట ఆయన.

"మైల మూడు రోజులే తంబీ. ఏడుపుకు లెక్క ఎవరు పెట్టారు?" అందట మామ్మ.

మర్నాడు శనివారం. అమ్మ చాలా రోజుల తర్వాత తల దువ్వుకుంది. ముగ్గురం బస్సులో వెళ్లాం. మామ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, కౌంటరు దగ్గరికి వెళ్లి, రెండు నంబరు చీటీలతో వచ్చింది. బస్సెక్కడానికి అవసరమైన చెయ్యి ఇప్పుడు అవసరం లేనట్టే నడిచింది.

"ఒకటి నా మోకాలికి, ఒకటి నీకు," అంది అమ్మతో. "వద్దనుకుంటే చింపెయ్, నేనేమీ అనుకోను. లోపలికి వస్తే, నువ్వు ఏ మాటంటే ఆ మాటే చెప్తా. ఒక్క మాట తగ్గించను."

అమ్మ ఆ చీటీని వేళ్లతో మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. గోడ మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి. నేను వాటినీ అమ్మ చేతినీ చూస్తూ కూర్చున్నాను. నాకు వచ్చిన శ్లోకాలన్నీ అయిపోయాయి. మా నంబరు పడింది. అమ్మ కదల్లేదు. ఇంకోసారి పిలిచారు. ఇక అంతే అనుకున్నాను. అప్పుడు అమ్మ లేచింది.

నేనూ లేవబోయాను. "నువ్వు ఇక్కడే కూర్చో," అంది అమ్మ. మామ్మ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది. నన్ను వద్దన్నందుకు బాధేసింది. కాసేపటికి మాత్రం, చాలా రోజుల నుంచి బిగబట్టి ఉంచిన భుజాలు నొప్పి పెడుతున్నాయని తెలిసింది. ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే నిద్రపోయాను.

వాళ్లు బయటికి వచ్చేసరికి అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పెద్దాసుపత్రికి రాసిచ్చిన ఉత్తరం ఉంది. అమ్మ ఏడాదికి పైగా మందులు వాడింది. వారానికోసారి అక్కడ కౌన్సిలరుగా ఉన్న, తెలుగు తెలిసిన ఒక అరవ ఆవిడతో కూర్చుని మాట్లాడి వచ్చేది. నాన్న ఆ రోజుల్లో ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేవాడు. కంప్యూటర్లు ఏమయ్యేవో నాకు తెలియదు. అమ్మ గబగబా బాగుపడలేదు. రెండడుగులు ముందుకు వేస్తే ఒక అడుగు వెనక్కి. ఒక సాయంత్రం, నా లెక్కల పుస్తకం తెరిచి చూసి, ఇదేం రాత, కోడి గెలికినట్టు అని తిట్టింది. అలా తిట్లు తిని సంతోషించింది నా జన్మలో అదొక్కసారే.

చాలాకాలానికి, వంటింట్లో ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే, అమ్మ మామూలుగా అంది.

"ఆ రోజు డాక్టరుతో హెడేక్ అన్నావు కదే. ఆ ఒక్క ముక్క నాకూ తెలుసు."

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"నా కడుపున పుట్టినదానికే ఆ మాట అనడానికి సిగ్గయితే, ఇంకెవరికి చెప్పుకుంటాంలే అనుకున్నా."

సిగ్గు కాదమ్మా, భయం అన్నాను. తెలుసులే ఇప్పుడు, అంది. నన్ను దగ్గరికి లాక్కుంది. నేను తగ్గించి చెప్పిన ఒక్క మాటతో అమ్మను ఎంత ఒంటరిదాన్ని చేశానో నాకు అప్పుడు తెలిసింది. చిన్నపిల్లవు, నీ తప్పేముంది అని ఎవరు ఎన్నిసార్లు చెప్పినా అది నాలో ఎక్కడో అలాగే ఉండిపోయింది. ఉండిపోవడమే మంచిదయింది. ఎవరైనా తమ బాధ చెబుతుంటే, పోనీలే, చిన్నదేలే అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

నాన్న పోయి రెండేళ్లయింది. పెద్దదాన్ని, అన్నీ తెలిసినదాన్ని అనుకున్న నేనే రెండు నెలలు ఆఫీసుకూ ఇంటికీ మధ్య నవ్వుతూ తిరిగి, ఒకరోజు లిఫ్టులోంచి దిగలేక కూలబడిపోయాను. అరవై దాటిన అమ్మే నాతో డాక్టరు దగ్గరికి వచ్చింది. తన భర్త పోయిన దుఃఖం తనకుంది, అయినా వచ్చింది. లోపలి నుంచి నా పేరు పిలిచాక, నా చేతిలో సంచీ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది. "నేనిక్కడే కూర్చుంటా."

లోపలికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను.