రంగేసిన బియ్యం

మా చిన్నప్పుడు... పొద్దున్నే అవ్వ వసారాలో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే, నేనూ మా తమ్ముడూ చెరో పక్కన చతికిలబడేవాళ్లం. ఆళ్లగడ్డ దగ్గర పల్లె మాది. ఏరిన రాళ్లు మా వాటా... అవే మా లెక్కలు. నీవెన్ని, వాడివెన్ని, కలిపితే ఎన్ని అని అవ్వ అడిగేది. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ పడేది.

బియ్యంలో మాత్రం చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఒకసారి గుప్పెడు తీసి తమ్ముడి మీద చల్లానని, గింజ గింజా నాతోనే ఏరించింది. అక్షరాభ్యాసానికి పళ్లెంలో పోసి ఓనమాలు దిద్దించిన బియ్యాన్ని కూడా అమ్మ పారేయలేదు... సాయంత్రానికి పాయసం వండేసింది.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను మొన్న చేసిన ఘనకార్యం వినండి.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాం. మా పాపకి నాలుగేళ్లు. ప్రేమికుల రోజు వస్తోందని, పిల్లలతో ఇంట్లో చేయించాల్సిన ఆటలు ప్లేస్కూలు వాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ట్రేలో ఎర్ర రంగు వేసిన బియ్యం పోసి, అందులో అట్టతో కత్తిరించిన హార్టులు దాచాలి... పిల్ల ఒక్కోటి వెతికి తీసి, దాని మీదున్న అంకె చదివి, తనకి ఇష్టమైనవాళ్లకి ఇవ్వాలి. అంకెలూ వస్తాయి, ప్రేమా తెలుస్తుందట!

నాకు ఉత్సాహం ఆగితేగా. బస్తా విప్పి పెద్ద గిన్నెడు బియ్యం తీసి, పోస్టర్ కలర్ కలిపి ఆరబెట్టా. పాప ఆడుతుంటే వీడియో తీసి ఇక్కడే, నా పేజీలో పెట్టా. మీరంతా ఎంత మెచ్చుకున్నారో... నేనూ పొంగిపోయా.

మర్నాడు మా నాయన వచ్చాడు, చెప్పా పెట్టకుండా. ఆ బియ్యం ఆయన పండించినవే. ఈ ఏడు కోతల మధ్యలో వాన పట్టుకుని సగం పైరు తడిసిపోయింది. తడిసిన వడ్లని వ్యాపారులు వద్దు పొమ్మన్నారు. వానకి ముందు కోసిన మంచి వడ్లు కొన్నింటిని మర ఆడించి, పాప తింటుందని మాకు పంపాడు. అమ్మా నాయనా తింటున్నది ఆ తడిసినవాటి బియ్యం... ఈ సంగతి అమ్మ ముందే ఫోన్లో చెప్పింది కూడా. నా బుద్ధే గడ్డి తింది.

నాయన ట్రే ముందు కూర్చుని గుప్పెడు తీసి చూశాడు. వేళ్లకి రంగు అంటుకుంది.

"ఏందిమ్మా, ఇవి మన బియ్యమేనా?"

తలూపా.

"కడిగితే పోతాదా రంగు? వండుకోవచ్చా?"

"లేదు నాయనా... పెయింట్ అది."

గుప్పెట్లోవి మెల్లిగా ట్రేలో పోసేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. అంతలో పాప వచ్చి ఒళ్లో కూర్చుని, ఒక హార్టు తీసి తాత చేతిలో పెట్టింది. అంకె ఏదని ఆయనే అడిగాడు. పిల్ల సరిగ్గా చెబితే మురిసిపోయాడు. కింద పడ్డ ఎర్ర గింజల్ని మాత్రం మాట్లాడుతూనే ఏరి ట్రేలో వేస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయి అక్కడే నిలబడిపోయా.

బస్సెక్కించేటప్పుడు తప్పైపోయిందని చెప్పబోయా. చెప్పనిస్తే కదా...

"పోనీలేమ్మా. పాపకు అంకెలు బాగొస్తాండాయి. ఈతూరి నూకలు గూడా ఒక సంచి పంపిస్తా. ఆడుకునేకి అవి చాలు."

ఎత్తిపొడవడానికి అన్న మాట కాదు... నిజంగానే అన్నాడు. అదే నన్ను చంపేస్తోంది.

ఆ వీడియో తీసేశాను. ఏమైందని అడిగినవాళ్లకి ఇదే జవాబు. అప్పట్లో గింజ ఒలికితే ఇంట్లో ఎవరో ఒక పెద్దవాళ్లు కేకలేసేవాళ్లు... ఇప్పుడు మా ఇంట్లో ఆ పెద్దదాన్ని నేనే, నేనే ఇలా చేసి కూర్చున్నా. మీ ఇళ్లలో మీకు అంకెలు దేంతో నేర్పారో రాయండి, చదువుతా.

నూకల సంచి నిన్న ఊరి ఆటోలో వచ్చింది. ఏ మొహం పెట్టుకుని విప్పాలో తెలియక అలాగే తలుపు పక్కన ఉంచా...