వైకాసి నెలలో ట్యాంకు నీడ

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తల్లో నేను మైలాపూరులో ఒక ఆర్కిటెక్టు దగ్గర డ్రాయింగులు గీసేదాన్ని. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగమని మా అమ్మకు గర్వం. ఆ నీడ ఎటు పడుతుందో మాత్రం నాకు తెలియదు.

కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో చూపించే బొమ్మలు మా సార్ చేత్తో, నీటిరంగులతో వేసేవారు. వాటిని కంప్యూటర్లో చేస్తానని ఏడాదిపాటు ఆయన ప్రాణం తీశాను. చివరికి, "సరేమ్మా, ఒక్క ఇల్లు ఇస్తున్నా. వాళ్ళు ఒప్పుకుంటే నీకు నచ్చిన సాఫ్ట్‌వేర్ కొందాం. లేదంటే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు" అన్నారు.

వాడి చూడ్డానికి రెండు సాఫ్ట్‌వేర్లు దొరికాయి. కంప్యూటర్లో ఇలా బొమ్మ తీయడాన్ని రెండరింగ్ అన్నందుకు రెండే అన్నమాట. ఒకటి పాలరాతిని అద్దంలా మెరిపించేది. రెండోదానికి మెరుపులు అంతంతమాత్రం. పైగా ఏ ఊరు, ఏ నెల, ఎన్ని గంటలు అంటూ పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ఆరా తీసేది. సూర్యుణ్ణి సరైన చోట పెట్టడానికట. ఆ మాత్రం నేను పెట్టలేనా అని మెరిసేదాన్నే ఎంచుకున్నాను. బొమ్మకు అందమొచ్చే చోట సూర్యుణ్ణి బల్బులా వేలాడదీశాను.

ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఉత్తర మద్రాసులో తరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. బొమ్మ చూసి అందరూ ఆహా అన్నారు. ఆ ఇంటి అవ్వ మాత్రం మేడమీది నీళ్ళ ట్యాంకు మీద వేలు పెట్టింది.

"ఇది ఏ నెల పాపా?"

"వైకాసి అవ్వా. మే నెలాఖరు, మిట్టమధ్యాహ్నం."

"అట్టయితే నీడ ఉత్తరానికి పడిండాదే? పొంగలొచ్చే తై నెలలో గదా అట్ట పడేది! వైకాసిలో ఈడ, దక్షిణం పక్కకి తిరుగుతాది. ఇన్నేండ్లుగా వడియాల చాప అటూ ఇటూ జరుపుకుంటా ఉండేది నేనే గదా."

సార్ నా వైపు చూశారు. నవ్వి ఉంటే బాగుండేది.

"వారం రోజులివ్వండి సార్" అన్నాను.

అప్పుడు నడుస్తున్నదీ వైకాసే. మర్నాడు పన్నెండింటికి ఆఫీసు మేడెక్కి, గీతలు గీసే టీ-స్క్వేరు నిటారుగా నిలబెట్టాను. నీడ జానెడు కూడా లేదు. కానీ దక్షిణానికే పడింది.

ఆరా తీసే సాఫ్ట్‌వేర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఊరు చెప్పాను, నెల చెప్పాను, వేళ చెప్పాను. మొదటిదాంట్లో చేసినదేదీ ఇందులోకి రాలేదు. పునాదుల దగ్గర్నుంచి ఇల్లంతా మళ్ళీ కట్టాను. ఏ మేస్త్రీ అయినా మధ్యలో పారిపోయేవాడు. నేను పారిపోలేదు.

వారానికి మళ్ళీ వెళ్ళాం.

"రాయి మెరుపు తగ్గిందే" అన్నాడు అవ్వ కొడుకు.

"మెరిస్తే జారిపడేది నేను గదరా!" అంది అవ్వ. కళ్ళజోడు పెట్టుకుని ట్యాంకు చుట్టూ వేలు తిప్పి, ఉత్తరం పక్కన ఆపింది. "ఊఁ. శరి. ఎండ ఈ పక్కనే. చాప ఈడ ఏసుకుంటా."

ఆటోలో సార్ అడిగారు, "ఏది కొందాం?"

"ఊరు అడిగేదే సార్."

మర్నాడు నా బల్ల మీది ట్రేసింగు కాగితాలు ఆయనే తీసేసి కంప్యూటరుకు చోటు చేశారు.