ఎవరి ఒక్కపొద్దు?

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక ఎండాకాలం, జహీరాబాదులో బస్సు కోసం చూస్తున్నాను. ఆ రోజు శనివారం. వెంకన్నకు మొక్కిన ఒక్కపొద్దు, రాత్రి దాకా ఏమీ ముట్టను.

పక్కన కూర్చున్న ముసలమ్మ మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది. మూట విప్పి రెండు జొన్నరొట్టెలు, పప్పు నా ముందు పెట్టింది.

"తిను బిడ్డా. ఈస్టర్ దాక మాకు శ్రమల దినాలు. నేనిడిసిన పూట ఆకలైనోళ్లు తింటెనే నా ఒక్కపొద్దు నిలుస్తది. పొద్దుగాల్నించి ఎవ్వరు దొర్కలే."

"నాకూ ఇవాళ ఒక్కపొద్దేనమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, మెల్లగా రొట్టెలు వెనక్కి తీసుకుంది. "మా చేతిది తిననోళ్లంత గిట్లనే అంటరు. ఫికర్ లేదు బిడ్డా."

ఒట్టేసి చెప్పినా నమ్మేలా లేదు. చేయి చాచి రొట్టె తీసుకుని తిన్నాను.

తిన్నాక నా చేతుల మీద నీళ్లు పోస్తూ ఉన్నట్టుండి ఆగింది. "నిజంగనే ఒక్కపొద్దున్నవా బిడ్డా?"

అవునంటే, నా ఒక్కపొద్దు తానే చెడగొట్టానని కుములుతుంది. కాదంటే, అందరిలాగే నేనూ సాకు చెప్పానని ఒప్పుకున్నట్టే.

"లేదమ్మా," అన్నాను.

ఆ శనివారం నేను మొక్కు తప్పానో, తీర్చానో నాకిప్పటికీ తెలియదు.