నాయిన గొంగడికి అమ్మ గాజులు

మొన్న నార్కట్‌పల్లిలో మేనత్త పెనిమిటి పదో దినానికి వెళ్తే, ఆమె చేతుల నిండా గాజులు అట్లాగే ఉన్నాయి. కోడళ్లు తీయనివ్వలేదట. సంతోషించాల్సింది పోయి, నేను బయటికొచ్చి ఆటోలో కూర్చొని ఏడ్చాను.

మా నాయిన గొర్రెల కాపరుల ఇంటివాడు, అమ్మ చర్చికి వెళ్లే కూలి కుటుంబపు పిల్ల. ఇష్టపడి పెళ్లాడిన పాపానికి నాయిన వైపువాళ్లు మా గడప తొక్కలేదు. వానాకాలం నాయిన గొంగడి కింద ముడుచుకున్న నేనే, ఆదివారం అమ్మ పక్కన కూర్చొని చర్చి కిటికీల రంగులు నేల మీద జరగడం చూసేదాన్ని. యాభై దగ్గరపడి, షాద్‌నగర్ అద్దాల కార్ఖానాలో పని మానేశాక, రంగు అద్దాలతో బొమ్మలు చేయడానికి దిగానంటే ఆ రెండింటి చలవే.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నాయిన పోయాడు. మన ఈడువాళ్లకు పదో రోజు తంతు చెప్పక్కర్లేదు. నాయిన బతికినన్నాళ్లూ అమ్మ చేతి మంచినీళ్లు ముట్టని ఆ మేనత్తే, "మా ఇంటి కోడలాయె, మా తీరే నడవాలె" అంటూ ఆమెను కూర్చోబెట్టి ఆకుపచ్చ గాజులన్నీ పగలగొట్టింది. చర్చి పెద్దలు వాకిట్లోనే నిలబడిపోయారు. ఆ ముక్కలన్నీ ఏరి నేను కొంగున కట్టుకున్నాను.

అప్పటికే షుగర్ అమ్మ కళ్లను తినేస్తోంది. ఇక చూపు నిలవదని నల్గొండ దవాఖానలో చెప్పేశారు. అది పోయేలోగా, గొంగడి కప్పుకున్న నాయినను అద్దంలో నిలిపి, ఆ గొంగడి అంచుకు అమ్మ గాజుముక్కలు కరిగించి అతికించి, ఆమెకు చూపించాలని నాకు పిచ్చి పట్టింది. కరెంటు బట్టీలో రెండూ చక్కగా కలిసిపోయేవి, తీరా చల్లారేటప్పుడు టప్పున పగిలేవి, ఎందుకంటే గాజుల సరుకు వేరు, అద్దం సరుకు వేరు, రెండూ ఒకే తీరుగా ముడుచుకోవు. ఎంత మెల్లగా చల్లార్చినా, అమ్మ కొలిచే యేసయ్యనూ నాయిన కొలిచే బీరప్పనూ ఒకే నోటితో వేడుకున్నా లాభం లేకపోయింది. ముక్కలు తరిగిపోతున్నాయి, అమ్మ గోడ పట్టుకొని నడుస్తోంది, నాకు అన్నం సయించేది కాదు.

ఆఖరి గుప్పెడు కూడా పగిలిన రోజు బట్టీ ముందే కూలబడి బావురుమన్నాను. అమ్మ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"పలిగినయి ఏం జేసుకుంటవ్ బిడ్డా? నా చేతులు బోసిగున్నయి. జర గాజులు తొడిగియ్యి" అన్నది.

అడిగితే నలుగురూ నన్ను ఆడిపోసుకుంటారని అన్నాళ్లూ నోరు మెదపలేదట. మర్నాడే నల్గొండ బజారుకు తీసుకెళ్లాను. గాజులామె తొడిగాక, అమ్మ తన చేతిని కళ్లకు ఆనించుకొని చూసి, ఏం రంగని అడిగింది. ఆకుపచ్చ అన్నాను. మంచిదన్నట్టు తల ఊపింది.

ఇప్పుడు నా బొమ్మల్ని మెచ్చుకునేవాళ్లున్నారు, అమ్మానాయినలిద్దరి ఇళ్ల కళా ఒక్కచోట ఉందంటారు. కాలం మారింది, మంచిదే. మారేదేదో జర ముందే మారి ఉంటే, చూపున్నన్నాళ్లూ మా అమ్మ తన చేతి గాజులు తను చూసుకునేది కదా.