గ్రిల్లు వెనక తిన్నె

మా ఇంటిముందు వీధి తిన్నెకు నిన్న పైదాకా ఇనుప గ్రిల్లు బిగించారు. ఈ మధ్యాహ్నం విల్లియనూరు బస్సు దిగి వచ్చిన పూలక్క, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ తిన్నెమీదే కూర్చుని మల్లెలు కట్టే మనిషి, తాళం చూసి, "ఏంది పాపా, ఇంక టికెట్టు కొనుక్కోని కూచోవాల్నా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె బుట్ట ఎత్తుకుని ఎదురింటి మెట్టుమీదికి, ఎండలోకి పోయింది.

తలుపు చాటున నిలబడ్డ నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. చరిత్ర మేడం ఒకసారి ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఒక వర్తకుడి సౌధం గురించి పాఠం చెప్పారు. కింద కోటకు వేసినట్టు మొరటు రాళ్ళు, పైకి పోయేకొద్దీ నునుపుదేరే గోడలు, లోపల స్తంభాల నడవాల మధ్య ఆకాశం కనిపించే ముంగిలి, ఆపై అంతస్తులో యజమాని కుటుంబం. నన్ను పట్టుకున్నది మాత్రం వీధిగోడ పొడుగునా, దారిన పోయేవాళ్ళు కూర్చోడానికి కట్టిన రాతి తిన్నె. మూలన తెరిచిన మంటపం కూడా ఉండేదట. తరవాతివాళ్ళు దాని తోరణాలకు గోడ కట్టి, కమ్ముల కిటికీ పెట్టి మూసేశారట.

ఆ మూసినవాళ్ళమీద నాకు ఎంత కోపమో! ఆ సాయంత్రం తిన్నెమీద చిక్కుడుకాయలు తుంచుతున్న మా అవ్వకూ, పక్కనే పూలు కడుతున్న పూలక్కకూ, నేనే ఆ ఇంటి వారసురాలినైనట్టు ఉపన్యాసమిచ్చాను. అవ్వ తొణకలేదు. "ఆ ఇంటికి ఎవరో బెదురు కోడలు వచ్చుంటాది లే, చంకలో బిడ్డతో," అంది. పూలక్క పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

అవ్వ పోయింది. నాకు బిడ్డ పుట్టింది. పాప నడక నేర్చినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. దూసుకుపోయే స్కూటర్లు, కుక్కలు, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తిన్నెమీద పడుకున్న ఆ ఒక్క మధ్యాహ్నం. మా ఆయన చిన్న గేటు చాలన్నారు. పట్టుబట్టింది నేనే. నా వయసు తల్లులు నన్ను తప్పుపట్టరని తెలుసు, అయినా సిగ్గు తగ్గడం లేదు, ఎందుకంటే మా వీధిలో మూయకుండా మిగిలిన ఆఖరి తిన్నె మాదే.

రేపు తాళం తీసి పూలక్కను రమ్మంటాను. వస్తుంది, మంచి మనిషి. కానీ నిన్నటిదాకా ఆమెను అక్కడ కూర్చోమని మేమెవరమూ పిలవలేదు, కూర్చోనా అని ఆమే ఎప్పుడూ అడగలేదు.